గొర్రెల గుండెచప్పుడు

సెలూన్లో రెండో కుర్చీ సరంగుది. క్షవరానికి కాదు, కూర్చోడానికి. పొరపాటున ఇంకెవరైనా అందులో కూర్చుంటే, ఆయన వచ్చి ఎదురుగా నిలబడి గొంతు సవరించుకుంటాడు, వాళ్లు లేచిపోతారు. సరంగంటే పడవ నడిపేవాడు. ఈయనకు ఈతే రాదు. అయినా వీధి వీధంతా అలాగే పిలుస్తుంది, ఆయనా పలుకుతాడు. మధ్యలో మనకెందుకు?

వయసులో ఉన్నప్పుడు ఆయన దొంగసరుకు దాటించిన మాట వాస్తవం. చేతిగడియారాలు. ఒక్కసారి కూడా పట్టుబడలేదు. పట్టుబడని దొంగకు ఒక చిక్కుంది: తాను దొంగనని తానే చెప్పుకోవాలి. సరంగు ఆ పని ఏళ్ల తరబడి శ్రద్ధగా చేస్తున్నాడు. తుపాకులు పేలేవి, తెరచాపలు కాలేవి, తుపానులో ఈయన ఒంటిచేత్తో చుక్కాని పట్టేవాడు. గోరంతను కొండంత చేసేవాళ్లని చూశాం. ఈయనకు ఆ గోరు కూడా అక్కర్లేదు. సెలూనాయన కత్తి గాల్లోనే ఆపి వినేవాడు. సగం గడ్డంతో కూర్చున్నవాడు మిగతా సగం సంగతే మరిచిపోయేవాడు. ముసలితనంలో అంతకన్నా ఏం కావాలి? సరంగు హాయిగా ఉన్నాడు.

ఆ హాయి మీద మనవరాలు పిడుగు వేసింది. పరీక్ష పాసైంది. ఉద్యోగం వచ్చింది. అదీ రేవులో, కస్టమ్స్‌లో.

"లోకంలో ఇంకే ఉద్యోగమూ దొరకలేదా తల్లీ?" అన్నాడు నీరసంగా.

"నీ కథలు వినీ వినీ రేవంటే ఇష్టం పుట్టింది తాతా," అందా పిల్ల. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కూతురు మాత్రం నవ్వలేదు. ఆవిడది సెలూనుకు ఎదురుగా ఇస్త్రీ షాపు. ఇస్త్రీపెట్టె కన్నా ఆవిడ చూపే ఎక్కువ కాలుతుంది.

"నాన్నా, చేర్చుకునే ముందు విచారణకి మనిషి వస్తాడంట. నీ గురించి కూడా చుట్టుపక్కల అడుగుతాడు. నీ మీద కేసు లేదు, కాగితం ముక్క లేదు. ఉన్న సాక్ష్యమల్లా నీ నోరే. అందులో నువ్వుగింజ నానదు. దాని ఉద్యోగం పోయిందో, ఈ జన్మకి నీతో మాట్లాడను."

మనవరాలి కోసం ప్రాణమైనా ఇస్తాడు సరంగు. నోరు మూసుకోమంటేనే కష్టం. అయినా మూసుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది, కానీ పాత బుర్ర ఊరుకోలేదు. సరుకు దాటించే రోజుల్లో వాళ్ల ముఠాకు ఒక కట్టుబాటు ఉండేది: ఎవరు చిక్కినా, ఎవర్ని అడిగినా, అందరి నోటా ఒకే మాట రావాలి, అక్షరం పొల్లుపోకూడదు. ఆ పాఠాన్నే ఇప్పుడు వీధికి నేర్పాడు. సెలూనాయనకు, పాల షాపావిడకు, చెప్పులు కుట్టే అతనికి, మేడ మీది రిటైరైన మాస్టారికి. మాస్టారి చేత అప్పజెప్పించుకున్నాడు కూడా.

విచారణ అధికారి ఒక మధ్యాహ్నం వచ్చాడు. బట్టతల, చంకలో ఫైలు, మెత్తటి మాట. వీధంతా ఒక చుట్టు తిరిగి, చివరికి సెలూన్లో మొదటి కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో సరంగు, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లాడిలా. కూతురూ మనవరాలూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఈ పెద్దాయన ఏం చేసేవారు?" అని సెలూనాయన్ని అడిగాడు అధికారి.

"బొత్తాలు అమ్ముకునేవారండీ. చీమకి కూడా హాని చెయ్యరు. రేవు ఎటువైపుందో కూడా ఆయనకి తెలియదండీ."

అధికారి ఫైలు మూశాడు. "పాల షాపావిడా ఇదే అంది. బొత్తాలు, చీమ, రేవు. చెప్పులు కుట్టే అతను కూడా ఇదే వరస. మాస్టారైతే కళ్లు మూసుకుని మరీ చెప్పారు. ఒక మనిషి గురించి ఇద్దరు ఒకే మాట చెప్పగా నా సర్వీసులో వినలేదు. అయినా రేవు సంగతి నేనెవర్నీ అడగలేదే?"

గుమ్మడికాయల దొంగంటే ఒకడు భుజాలు తడుముకుంటాడు. ఇక్కడ వీధి వీధంతా వరసగా నిలబడి తడుముకుంది. సెలూనాయన చేతిలో దువ్వెన జారి కింద పడింది. కూతురి ముఖం పాలిపోయింది. మనవరాలు తాతనే చూస్తోంది, కోపంగా కాదు, భయంగా. ఆ చూపుకి సరంగు గుండె చెరువైంది. తన కోతల వల్ల పోతుందనుకున్న ఉద్యోగం తన జాగ్రత్త వల్ల పోయేలా ఉంది.

"మీరే చెప్పండి పెద్దాయనా," అన్నాడు అధికారి.

తనిఖీ దగ్గర పెట్టె దాచుకునేవాణ్ణే వెతుకుతారు. తానే మూత తీసి ముందు పెట్టినవాణ్ణి పొమ్మంటారు. సరంగు ఇంతకాలం ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అందులో తుపాకుల్లేవు, తెరచాపల్లేవు, చెప్పుకుంటే గొప్పా లేదు. జరిగింది జరిగినట్టుగా ఆయన దగ్గరున్నది అదొక్కటే.

"వీళ్లంతా నా పరువు కాపాడాలని చూస్తున్నారు బాబూ. నేను దొంగసరుకు దాటించేవాణ్ణి," అన్నాడు.

కూతురు గుమ్మం పట్టుకుంది.

"గడియారాలు. గొర్రెల పొట్ట కింద ఉన్నిలో కట్టి, మందతో పాటు పడవ దిగేవాణ్ణి. కీ ఇవ్వకుండా కట్టాలి, లేకపోతే చప్పుడొస్తుంది. ఒకసారి మావాడెవడో ఒకదానికి కీ ఇచ్చేశాడు. మీలాంటి ఆఫీసరే, వంగి గొర్రెకి చెవి ఆనించాడు. ఇదేంటయ్యా, టిక్కు టిక్కుమంటోంది అన్నాడు. గుండెజబ్బండీ అన్నాను."

అధికారి పెదవులు కదిలాయి. "దానికాయనేమన్నాడు?"

"అయ్యో పాపం, దీన్ని ఎండలో నడిపించకు అన్నాడండీ. తనే ఎత్తుకుని గేటు దాటించాడు."

అధికారి ఆపుకుందామనే చూశాడు, వల్ల కాలేదు. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాడు.

"చాలు పెద్దాయనా, చాలు! మీ కోతలు బయటపడకుండా పాపం వీధంతా ఎంత తంటాలు పడుతోందండీ! నిజంగా చేసినవాడెవడైనా ఇలా చెప్పుకుంటాడా?" కళ్లు తుడుచుకుని ఫైల్లో ఏదో రాశాడు, సంతకం పెట్టాడు. "అమ్మాయ్, ఉద్యోగంలో చేరాక ఈ గొర్రె కథ మావాళ్లకి చెప్పు," అని మనవరాలితో అని, ఇంకా నవ్వుకుంటూనే వెళ్లాడు.

కూతురు అక్కడే కూలబడి, ఏడుస్తూ నవ్వింది. సెలూనాయన దువ్వెన తీసుకుని తుడిచాడు. "ఏమన్నా అనుకోండి సరంగుగారూ, మీ తుపాకుల కథే బాగుంటుంది. ఈ గొర్రెలదేంటి, మరీ నమ్మేలా లేదు."

సరంగుకు ఎక్కడో చురుక్కుమంది. జన్మలో మొదటిసారి ఒక ఆఫీసరుకు నిజం చెబితే, వీధిలో ఒక్కడికీ నమ్మబుద్ధి కాలేదు. అయినా కడుపు నిండినట్టే ఉంది. ఇంతకాలం దాటించిన సరుకంతా ఒక ఎత్తు, ఇవాళ దాటించింది ఒక ఎత్తు.

మనవరాలు వచ్చి కుర్చీ చేతి మీద కూర్చుంది. అందరూ ఎవరి గోలలో వాళ్లుండగా ఆయన చెవి దగ్గరికి వంగింది.

"గొర్రెలది నేను నమ్మాను తాతా. మిగతావన్నీ కోతలని చిన్నప్పుడే తెలుసు."

ఈ ఒక్క మాట కోసమే కదా ఆయన ఇన్నేళ్లూ నోరు నొప్పెట్టేలా చెప్పింది. ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

"నమ్మకు తల్లీ," అన్నాడు. "నువ్విక ఆఫీసరువి."