బుగ్గలయ్య నీళ్ల సీసా

గుమ్మంలో నిలబడి అన్న ఆ ఒక్క మాట అతని మనసులో ముల్లులా దిగబడిపోయింది. అన్నది పిల్ల తల్లి. ఆదివారం సాయంత్రం పిల్లను తీసుకుపోవడానికి వచ్చి, లోపలికి అడుగైనా పెట్టకుండా, పిల్ల స్వెటరు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఎలుక కంపు కొడుతోంది. వచ్చే ఆదివారం నేనే లోపలికొచ్చి చూస్తా. ఇల్లు ఇలాగే ఉంటే ఇక పంపను" అంది. అరవలేదు, దెప్పలేదు. అరిచి ఉంటే అతనూ నాలుగు మాటలని కడుపులో మంట చల్లార్చుకునేవాడు. నెమ్మదిగా అన్న మాటకు ఏమని బదులు చెబుతాడు?

నిజానికి అది ఎలుక కాదు, హామ్‌స్టర్. గుప్పిట్లో పట్టేంత గోధుమరంగు ప్రాణి. కూతురు దానికి బుగ్గలయ్య అని పేరు పెట్టింది. గింజ కనిపిస్తే చాలు, తినకుండా రెండు బుగ్గల్లో కుక్కుకుని, మొహం రెండింతలు చేసుకుని, తాపీగా నడిచివెళ్లి మూల దాచుకునేది. మొగుడూ పెళ్లాలు వేరుపడ్డాక, కూతురు తల్లి దగ్గరే ఉండిపోయింది. మొదట్లో ఆదివారాలు ఇక్కడికొచ్చి సోఫా అంచున కూర్చుని, ఎప్పుడు సాయంత్రమవుతుందా అని గడియారం వంక చూసేది. ఆ చూపు భరించలేక అతను బజారుకెళ్లి బోనుతో సహా బుగ్గలయ్యను తెచ్చాడు. ఎర అనండి, ఇంకేమైనా అనండి, పనిచేసింది. ఆ తర్వాత పిల్ల ఆదివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఎవరి కోసమో మాత్రం దాచలేదు. ఆ వయసు పిల్లకు లౌక్యం ఎక్కడ ఏడుస్తుంది? "నేనొచ్చేది బుగ్గలయ్య కోసం నాన్నా" అని మొహం మీదే చెప్పేసింది. అతను నవ్వేశాడు. ఎవరి కోసమైతేనేం, వస్తోంది కదా అనుకున్నాడు. అలా అనుకుని బతకడం కూడా ఒక విద్యే.

అందుకే ఆ వారం అతను బోను మీద యుద్ధం ప్రకటించాడు.

శుభ్రం చెయ్యడం అతనికి ఒకరు నేర్పక్కర్లేదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ కత్తులూ కత్తెర్లూ ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు చంపే గది ఒకటుంది. అతని ఉద్యోగం అందులోనే. నర్సులు 'ఆవిరి మాస్టారు' అని ముద్దుపేరు పెట్టారు. వెనకాల ఇంకేం పేర్లు పెట్టారో మనకి అనవసరం. అతని చేతి మీదుగా వెళ్లిన పనిముట్టు వల్ల ఏ రోగికీ ఇంతవరకు పుండు చీము పట్టలేదు. అది అతని గర్వం. ఆ గర్వం తప్ప చెప్పుకోవడానికి అతనికి మరొకటి లేదు కూడా.

కూతురు బోను గురించి ఎన్నో జాగ్రత్తలు చెప్పింది. బోనులో పరిచే రంపపు పొట్టు మార్చేటప్పుడు పాతది ఒక గుప్పెడు ఉంచాలట, లేకపోతే బుగ్గలయ్యకు అది తన ఇల్లేనని తెలియదట. రోజూ చిన్న కీరదోస ముక్క వెయ్యాలట. నీళ్ల సీసాను ఊచలకు తలకిందులుగా తగిలించాక, దాని గొట్టం చివరనున్న గోళీని వేలితో నొక్కి చూడాలట, చుక్క పడితేనే సరిగ్గా ఉన్నట్టట. అతను అన్నిటికీ ఊఁ కొట్టాడు. పిల్లలు బోలెడు చెబుతారు, పెద్దవాళ్లు ఊఁ కొడతారు, లోకంలో ఎప్పుడూ జరిగేదే.

మొదట రంపపు పొట్టు మొత్తం తీసి పారేశాడు. పాత గుప్పెడు ఉంచడమేమిటి, కంపు ఉండేదే అందులో. మూలన బుగ్గలయ్య కూడబెట్టుకున్న గింజల కుప్ప కూడా చెత్తబుట్టలోకి పోయింది. ఆ బుల్లి ప్రాణి ఖాళీ మూలలో నిలబడి, నేలను రెండు చేతులతో గోకి గోకి చూసింది. "నీకు కొత్తవి పెడతాలేరా" అన్నాడు. కీరదోస మానేశాడు. అది వేస్తే పొట్టు తడుస్తోంది, తడిస్తే వాసన వస్తోంది. చక్రం కడిగాడు, ఊచలు ఒక్కొక్కటీ తుడిచాడు. మిగిలింది నీళ్ల సీసా. దాని మూతకున్న ఉక్కు గొట్టంలో పాచి ఉంటుందేమోనని అనుమానం వచ్చింది. బ్రష్ దూరదు, కంటికి కనబడదు. కంటికి కనబడని మురికి అంటే అతనికి ఒళ్లు మంట.

మర్నాడు ఆ మూతను జేబులో వేసుకుని పనికి వెళ్లాడు. కాగితంలో చుట్టి, పైన పట్టీ అంటించి, కత్తెర్ల పక్కన యంత్రంలో పెడుతుంటే తోటి పనివాడు చూడనే చూశాడు.

"ఇదేంటి మాస్టారూ, ఏ డాక్టరుగారిది?"

"మా ఇంట్లో ఒకాయనది."

"ఆపరేషనా పాపం?"

"నీళ్లు తాగడానికిరా బాబూ. హామ్‌స్టర్ సీసా."

పనివాడు కడుపు పట్టుకుని నవ్వాడు. "ఎలుక్కి ఇంత మర్యాదా! వచ్చే జన్మలో మీ ఇంట్లో పుడతా మాస్టారూ" అన్నాడు. తర్వాత కాస్త తగ్గి, "ప్లాస్టిక్ కదా, వేడికి ఆగుతుందంటారా?" అని అడిగాడు. అతను వినిపించుకోలేదు. యంత్రంలోంచి తీశాక చూస్తే పట్టీ మీది చారలు నల్లబడ్డాయి. నల్లబడితే వేడి తగిలినట్టు లెక్క. మూత కూడా చూడ్డానికి మామూలుగానే ఉంది. లోపలున్న రబ్బరు మెత్తబడి, సాగి, గోళీకి అతుక్కుపోయి ఉంటుందని అనుకోవడానికి అతను గొట్టంలోకి దూరి చూడలేడు కదా.

ఇంటికొచ్చి సీసా నిండా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, బోనుకు తగిలించాడు. కూతురు చెప్పిన మాట గుర్తుకు రాకపోలేదు. వేలు ముందుకు చాపాడు కూడా. చాపి, సగంలో ఆపేశాడు. క్రిములు చంపిన వస్తువును ఉత్త చేత్తో ముట్టకూడదు. ఆ గదిలో కొత్తగా చేరినవాళ్లకు అతను మొట్టమొదట చెప్పే పాఠం అదే. ఎవరైనా వేలు పెడితే చేతి మీద కొట్టినంత పని చేస్తాడు. అలాంటివాడు తన వేలు తనే పెడతాడా? పెట్టలేదు.

ఆ తర్వాత ప్రతి ఉదయం పనికి వెళ్లే ముందు సీసా విప్పి, నిన్నటి నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు అంచుదాకా నింపేవాడు. పారబోసేవి ఎన్ని ఉన్నాయో చూడాలన్న ఆలోచనే రాలేదు. పాత నీళ్లు పారబొయ్యాలి, అంతే. బోను కూడా చెప్పిన మాట వింటున్నట్టే ఉంది. ఎప్పుడూ దాని ఉచ్చతో తడిగా ఉండి ముక్కులు అదరగొట్టే మూల, ఇప్పుడు పొడిగా ఉంది. రాత్రంతా కిర్రుమనే చక్రం చప్పుడు చెయ్యడం లేదు, కడిగినందుకు నునుపెక్కింది కాబోలు అనుకున్నాడు. బుగ్గలయ్య కొత్త పొట్టులో ముడుచుకుని పడుకుంటోంది. బుద్ధిమంతుడైపోయాడని మురిసిపోయాడు. ఎంత తెలివైనవాడో చూడండి. మూల ఎందుకు ఆరిపోయిందో ఎవరిని అడిగినా చెబుతారు, అతను తప్ప.

ఆదివారం వచ్చింది. పిల్లను దింపడానికొచ్చిన తల్లి అన్నంత పనీ చేసింది, చెప్పులు విడిచి లోపలికొచ్చింది. వేరుపడ్డాక ఆమె ఈ గడప దాటడం అదే మొదలు. వంటగది చూసింది, స్నానాలగది చూసింది, బోను దగ్గరకొచ్చి రెండు మూడుసార్లు గాలి పీల్చింది. వంక దొరకలేదు. అతను చేతులు కట్టుకుని, ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

"బాగానే ఉంచావే" అంది చివరికి.

"రోజూ చేస్తున్నా."

"అయితే శనివారమే పంపిస్తాలే. రాత్రి ఇక్కడే పడుకుంటుంది. మంచం దుప్పట్లు ఉన్నాయా?"

అతను ఉన్నాయని తల ఊపాడు. లేకపోతే కొంటాడు, కుడతాడు, నేస్తాడు. పిల్ల పొద్దున్నే లేచి కళ్లు నులుముకుంటూ ఈ వంటగదిలోకి నడిచిరావడం అతని కళ్ల ముందు మెదిలింది. ఇన్నాళ్లలో అంత సంతోషం అతను ఎరగడు. టీ పెడతాను, కూర్చో అందామని నోరు తెరిచాడు కూడా.

"నాన్నా, వీడు లేవట్లేదు."

పిల్ల బోను తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టి కూర్చుని ఉంది. అరచేతిలో బుగ్గలయ్య. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి, పొట్ట మాత్రం సన్నగా కదులుతోంది.

"నిద్రపోతున్నాడమ్మా" అన్నాడు.

పిల్ల రెండో చేత్తో గొట్టం చివర గోళీని వేలితో నొక్కింది. మళ్లీ నొక్కింది. వేలు తిప్పి చూసుకుంది, పొడిగా ఉంది. గోళీ కదలనే లేదు.

"నీళ్లు రావట్లేదు."

"రాకపోవడమేంటి, పొద్దున్నే మార్చాను. చూడు, నిండుగా ఉంది."

"నిండుగానే ఉంటుంది నాన్నా. వాడు తాగితేనే కదా తగ్గేది!"

అతను దగ్గరకు వెళ్లి, ఆ గోళీని బొటనవేలితో గట్టిగా అదిమాడు. అప్పుడు నొక్కాడు, ఏం లాభం? రాయిలా ఉంది. వారమంతా ఏ రోజు ఏం చేశాడో ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగింది. పొడిగా ఉన్న మూల చూసి తను సంబరపడటం కూడా.

పిల్ల వంటగదిలోకి పరుగెత్తి, గిన్నెలో నీళ్లు తెచ్చి, చిటికెన వేలు ముంచి ఒక్కో చుక్క దాని మూతికి రాసింది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత గులాబీరంగు నాలుక కనపడీ కనపడనట్టు బయటికొచ్చి, చుక్కను నాకింది. పిల్ల ఏడవలేదు. ఏడిస్తే అతను దగ్గరకు తీసుకునేవాడు.

"నేను చెప్పాను నీకు. నొక్కి చూడమన్నాను" అంది, వేలి వంకే చూస్తూ.

"శుభ్రంగా ఉండాలనేరా తల్లీ..."

"ఊఁ."

ఆ ఊఁ ఎక్కడ నేర్చుకుందో అతనికి తెలుసు.

తల్లి అంతసేపూ పక్కన నిలబడి చూసింది. ఎలుకంటే ఆమడ దూరం పరుగెత్తే మనిషి, మెడలో ఉన్న శాలువా తీసి మడతపెట్టి, దాని మీద ఆ ప్రాణిని పడుకోబెట్టించింది. "పశువుల డాక్టరుకి చూపిద్దాం. తర్వాత మనింట్లోనే ఉంచుకుందువుగానిలే" అంది పిల్లతో.

"నిజంగానా అమ్మా? నీకు అసహ్యం కదా?"

"అలవాటైపోతుందిలే."

అతన్ని తిట్టినా బాగుండేది. "పాపం, కావాలని చెయ్యలేదులే" అన్నట్టు ఒక చూపు చూసింది. అంతకంటే చెప్పుతో కొట్టినా సరిపోయేది. అతను బోను ఎత్తి కారుదాకా మోశాడు. వెనక సీట్లో ఒదిగేలా సర్దాడు, పొట్టు సంచి ఇచ్చాడు, గింజల డబ్బా ఇచ్చాడు. పనికిరాని ఆ సీసాను పిల్ల తీసుకోలేదు. "కొత్తది కొంటాం" అంది.

తల్లి ఇంజను తిప్పింది. పిల్ల శాలువా మూటను ఒళ్లో పెట్టుకుని, మళ్లీ వేలు తడిపి దాని మూతికి అద్దుతోంది. అతను కిటికీ దగ్గరకు వంగాడు. శనివారం అన్న మాట ఎత్తడానికి మొహం చెల్లలేదు.

"ఆదివారం వస్తావుగా బంగారం?"

పిల్ల తలెత్తి చూసింది. కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

"దేనికి నాన్నా?"

అతను ఆలోచించాడు. చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుందనుకున్నాడు. తల్లి కాసేపు ఆగింది కూడా, పాపం. తర్వాత కారు కదిలింది.