మూడు జతల బూట్లు

ఉమాకాంత్ మీద నాకు నమ్మకం కుదరలేదు.

అతను మా అల్లుడు రవికాంత్ స్నేహితుడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే పని. రెండువేల తొమ్మిది జనవరిలో ఆ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. అమెరికాలో, బాతెల్ ఊళ్ళో మా అమ్మాయి శ్రీవల్లి ఇంట్లో పొద్దస్తమానం అదే మాట. ఒక శుక్రవారం ఉమాకాంత్ వాకిట్లో నిలబడి ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది.

"ఇద్దర్ల ఒక్కడే మిగుల్తడు. సోమవారం తొమ్మిదింటికి మీటింగ్. రానోని పని ఖతం."

అదే నోటితో లోపలికొచ్చి, "రవీ, రేపు మంచుకొండలకు పోదాం రా. ఒక రాత్రి టెంట్ల పండుకొని వద్దాం. ఇంట్ల కూసుంటే దిమాక్ ఖరాబైతున్నది" అన్నాడు.

సోమవారం మీటింగ్ పెట్టుకుని శనివారం కొండ ఎక్కడమా? రవి కాలు విరిగితే? దిగడం ఆలస్యమైతే? ఉద్యోగం పోతే వీసా పోతుందని, రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయాలని శ్రీవల్లి ఏడవడం నేను చూశాను.

"నేనూ వస్తా" అన్నాను.

"నాన్నా, అది నువ్వు గొర్రెలు మేపిన గుట్ట కాదు" అంది శ్రీవల్లి.

"ఏ కొండైనా కొండే."

మాచర్ల పక్క నలభై ఏళ్ళు గొర్రెలు కాశాను. గొంగళి భుజాన వేసుకుని కారెక్కాను.

కొండ దగ్గర చేటల్లాంటివి తెచ్చి బూట్లకు కట్టారు. అవి ఉంటే మంచులో కాలు దిగబడదట. ఉమాకాంత్ ముందు, రవి మధ్యన, నేను వెనక. కావాలనే వెనక ఉన్నాను. ఒక వాలు దగ్గర రవి జారి నడుం లోతు కూరుకుపోయాడు. ఉమాకాంత్ కర్ర అందించి పైకి లాగాడు గాని, లాగుతూ నవ్వాడు. మంచి దారి పక్కనే ఉంది. ఈ వాలు మీదుగా ఎందుకు తెచ్చినట్టు? అడగలేదు. గుర్తుపెట్టుకున్నాను.

సాయంత్రం దేవదారు చెట్ల కింద గుడారం వేశారు. మంచు కరిగించి ఎసరు పెట్టి అన్నం వండారు, చారు కాచారు. రొట్టెముక్కలతో పోయేదానికి ఇద్దరూ అన్నం అన్నం అని గ్యాసంతా అవగొట్టారు.

"మామా, బూట్లు లోపల్నే పెట్టుండ్రి" అన్నాడు ఉమాకాంత్. ఒకసారి కాదు, రెండుసార్లు.

వీడికి నా బూట్లతో ఏం పని? అయినా అన్నం గిన్నె ఉన్నచోట, తలాపున చెప్పులు పెట్టుకుని పడుకునే మనిషిని కాను నేను. వాళ్ళు కళ్ళు మూసుకోగానే మూడు జతలూ తీసి గుడారం బయట, గడప బయట పెట్టినట్టు, వరసగా పెట్టాను.

తెల్లారి లేచి చూస్తే బయట ఒక్క జతే ఉంది. ఉమాకాంత్‌ది.

మంచు మీద అడుగులు చూశాను. గొర్రె పోయినచోట అడుగు చూసి దొంగను చెప్పగలవాణ్ణి. కొత్త మంచులో ఒక్కడి అడుగులే ఉన్నాయి, ఉమాకాంత్ బూటువే. చెట్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. ఇంకెటూ పోలేదు. అంటే మా బూట్లు గుడారంలోనే దాచాడు.

లోపలికొచ్చాను. ఉమాకాంత్ నిద్రపోతున్నాడు. అతను దూరిన సంచి కాళ్ళవైపు ఉబ్బెత్తుగా ఉంది. జిప్పు పట్టుకుని సర్రున లాగాను. రవి బూట్లు. వాటి కింద నావి.

"లేవరా దొంగా!"

ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు.

"మామయ్యా, ఏమైంది?" అన్నాడు రవి.

"నీ బూట్లు దాచాడు. రేపు నువ్వు మీటింగ్‌కి పోకుండా."

ఉమాకాంత్ నా మొహం చూశాడు, బూట్లు చూశాడు. "దాచుడేంది మామా? ఒంటికి పోదామని లేస్తే మూడు జతలు మంచుల ఉన్నయ్. తడి బూట్లు, రాయి లెక్క గడ్డకడ్తయ్. ఒంటి వేడికి ఉంటయని సంచిల పెట్టుకున్న. రెండు జతలే పట్టినయ్."

"మరి నీవి?" అన్నాడు రవి.

"పట్టలే."

రవి బయటికి పోయి ఆ జత తెచ్చాడు. ఒకదానికొకటి తగిలి రాళ్ళలా మోగాయి. ఉమాకాంత్ కాలు దూర్చబోతే మడమ కూడా దిగలేదు.

"అసలు బయట పెట్టిందెవరు?" అన్నాడు రవి.

"పోనీయ్ రా, ఎవలో" అన్నాడు ఉమాకాంత్.

"నేనే" అన్నాను.

నీళ్ళు కాచి బూట్లలో వేడి సీసాలు పెడదామంటే గ్యాస్ లేదు. మధ్యాహ్నం నుంచి పెద్ద మంచు పడుతుందని, పడితే కింద రోడ్డు మూసేస్తారని రవి చెప్పాడు.

"మీరిద్దరు దిగుండ్రి" అన్నాడు ఉమాకాంత్. "ఎండ తగిలినంక నేనొస్త. రవీ, నువ్వు మీటింగ్‌కి పో. ఒక్కడన్న ఉండాలె గదా."

శుక్రవారం నుంచి నేను కోరుకున్నది అదే. రవి ఒక్కడే మిగలడం. అడగకుండానే చేతిలో పెడుతున్నాడు. ఇందులో ఏం మెలిక ఉందోనని ఇంకా వెతుక్కున్నాను. వాడి మేజోళ్ళ కాళ్ళు వణుకుతున్నాయి, అంతే.

చొక్కా గుండీలు విప్పాను. ఆ రెండు బూట్లూ పొట్టకు ఆనించుకుని పైన గొంగళి కప్పుకున్నాను. ముసురులో ఈనిన గొర్రెపిల్లను అట్లాగే పెట్టుకునేవాణ్ణి. ఊపిరి ఆగినంత పనైంది.

"మామయ్యా, మీకేమన్నా అయితే..." అన్నాడు రవి.

"గుడారం మడవండి" అన్నాను.

గంట దాటింది. తోలు మెత్తబడింది. ఉమాకాంత్‌ను కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా, బూట్లు తొడిగి తాళ్ళు నేనే కట్టాను. అప్పటికే సన్నగా మంచు రాలుతోంది. దిగేటప్పుడు కూడా నేను వెనకే నడిచాను.

"ఏంది మామా, ఇంకా అనుమానమేనా?" అన్నాడు ఉమాకాంత్ వెనక్కి తిరిగి.

"ముందు చూసి నడు."

రోడ్డు మీదికి చేరేసరికి పోలీసు అడ్డుకర్ర దించుతున్నాడు. మా కారు చూసి చెయ్యి ఊపి, మళ్ళీ ఎత్తాడు. రేపటి మీటింగ్‌కి ఇద్దరూ పోతారు. ఎవడు మిగులుతాడో నాకు తెలియదు. వెనక సీట్లో గొంగళి తీసి ఉమాకాంత్ కాళ్ళ మీద కప్పాను.