దొరసానికి కుట్లు

పొద్దున్నే గూడు తలుపు తీయగానే మూడు కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి దూకాయి. నాలుగోది రాలేదు. మిషనమ్మ వంగి లోపలికి చూసింది. బూడిదరంగు పెట్ట మూలన ముడుచుకుని కూర్చుని ఉంది. తోక వాలిపోయింది. ఈకలన్నీ ఉబ్బి ఉన్నాయి. కళ్ళు సగం మూతలు పడుతున్నాయి.

మామూలుగా అయితే అదే ముందు దిగాలి. తక్కినవి దానికి దారివ్వాలి. పెరడంతా తన పేర రాసి ఉన్నట్టు మెడ నిక్కించి, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తుంది. ఆ నడక చూసే మిషనమ్మ భర్త దానికి దొరసాని అని పేరు పెట్టాడు.

మిషనమ్మ అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆ చుట్టుపక్కల వాళ్ళందరికీ బట్టలు కుడుతుంది కాబట్టి అందరికీ ఆమె మిషనమ్మే. భర్త బస్సు డ్రైవరు. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళి పొద్దువాలాక వస్తాడు. పగలంతా ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు.

ఆమె దొరసానిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని మెడ కింద తడిమింది. కోళ్ళకి అక్కడ మేత నిలిచే సంచి ఒకటి ఉంటుంది. పగలు తిన్నదంతా అందులో చేరి, రాత్రి మెల్లగా కిందికి దిగి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. దొరసానికి అక్కడ బంతి దాచినట్టు గట్టిగా ఉంది.

పెరటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. మోకాళ్ళు మొరాయించినప్పటినుంచీ ఆ కుర్చీయే ఆవిడ రాజ్యం.

"ఏమైందే దానికి?"

"మేత అడ్డం పడినట్టుంది అత్తయ్యా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

"కోడికి డాక్టరేంటే! నాకు మోకాలు పట్టేస్తే మూడు వారాలు ఆలోచించారు మీరిద్దరూ."

"మీరు వద్దని మొండికేశారు కదా. ఇది వద్దనడం లేదు."

అత్తగారు నవ్వబోయి ఆపుకుంది. ఇద్దరి మధ్యా తగువులు లేవు, అలాగని మాటలూ పెద్దగా లేవు. ఆవిడ ఏ పనికి చెయ్యి చాపినా "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాను" అనేది కోడలు. మంచికే అనేది. కానీ కూర్చుని కూర్చుని ఆవిడకి మాటలు కూడా తగ్గిపోయాయి.

పశువుల ఆస్పత్రి వరండాలో కుక్కలు, ఒక దూడ, బుట్టలో పిల్లి. కోడిని చంకలో పెట్టుకుని వచ్చిన మిషనమ్మని చూసి కుక్కని పట్టుకున్న పెద్దమనిషి, "అమ్మా, మాంసం కొట్టు పక్క వీధిలో" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆమె లైనులో తన వంతు వదలకుండా నిలబడింది.

డాక్టరు వయసులో చిన్నది, అప్పటికే అలిసిపోయి ఉంది. కానీ కోడి మెడ కింద చెయ్యి పెట్టేసరికి ముఖంలో శ్రద్ధ వచ్చింది.

"లోపల ఏదో గట్టిగా చుట్టుకుపోయింది. గింజలు ఆపేయండి. నీళ్ళు, కొంచెం నూనె పట్టించి వేళ్ళతో మెల్లగా పిసుకుతూ ఉండండి. కరిగితే అదృష్టం. లేకపోతే కోసి తీయాలి."

"కోస్తే బతుకుతుందా డాక్టరుగారూ?"

"బతికినవి ఉన్నాయి, పోయినవీ ఉన్నాయి. అబద్ధం చెప్పలేను."

ఆ వారం మిషనమ్మ చేతిలో సగం సేపు బట్ట, సగం సేపు కోడి. ఒక బడి పిల్లల యూనిఫారాలు అంతకుముందే కుప్పగా వచ్చి పడి ఉన్నాయి. ఒక కాలరు కుట్టడం, లేచి వెళ్ళి దొరసానికి చుక్కచుక్కగా నూనె పట్టడం, మెడ కింద నిమరడం, మళ్ళీ వచ్చి కాజాలు కుట్టడం. ముక్కు దగ్గరికి తెస్తే కోడి నోటినుంచి పుల్లటి వాసన. ఒకసారి అది ఒక్క కుదుపు కుదిపి, పట్టిన నూనె అంతా తెల్లచొక్కాల మీదికి కక్కేసింది. ఆమె ఆ చొక్కాలు ఉతికి ఆరేసి, చేతులు కడుక్కుని, మళ్ళీ సీసా అందుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇల్లంతా నూనె వాసన. ఇది కోడా, బస్సు ఇంజనా?"

"ఇంజనైతే మీకే అప్పజెప్పేదాన్ని."

అతను పక్కన కూర్చుని కాసేపు కోడిని చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "చూడు, నేను నవ్వులాటకి అనడం లేదు. దానికి బాధగా ఉంది. నీకు నిద్ర లేదు. ఇంక వదిలేస్తే తప్పు కాదేమో."

మిషనమ్మ వేళ్ళు కోడి మెడ కింద తిరుగుతూనే ఉన్నాయి.

"దాని కళ్ళు చూడండి. నేను దగ్గరికి వస్తే ఇంకా తెరుస్తోంది. అది వదిలేసినరోజు నేనూ వదిలేస్తాను. దానికంటే ముందు నన్ను వదిలేయమనకండి."

అతను ఇక ఆ మాట ఎత్తలేదు.

గడ్డ కరగలేదు. కోడి బరువు మాత్రం కరిగిపోయింది. చేత్తో పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. మిషనమ్మ దాన్ని పాత దుప్పటిలో చుట్టి మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. "కోయండి" అంది.

"మా సహాయకుడు సెలవులో ఉన్నాడు. మీరు పట్టుకోగలరా?" అంది డాక్టరు.

"పట్టుకుంటాను."

చాలా తేలిగ్గా అనేసింది. బల్ల మీద కోడిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద ఈకలు పీకి, మత్తుసూది వేసి, డాక్టరు కత్తి అందుకునేసరికి మిషనమ్మ కోడి కాళ్ళని ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంది. పట్టుబట్ట మీద కూడా తడబడకుండా కత్తెర నడిపే మనిషి. ఇక్కడ కత్తెర ఇంకొకరి చేతిలో ఉంది, బట్ట ఊపిరి పీలుస్తోంది.

"అటు చూడండి. చెయ్యి మాత్రం కదపకండి" అంది డాక్టరు.

"చూస్తేనే కదపకుండా ఉండగలను. మీరు కానివ్వండి."

చర్మం కింద సంచి, సంచిలోంచి పట్టుకారుతో డాక్టరు మెల్లగా లాగింది. ముందు ఎండుగడ్డి, తర్వాత కుళ్ళిన గింజల ముద్ద, ఆ తర్వాత గడ్డిని చుట్టుకుని బారెడు నీలంరంగు దారం. మిషనమ్మ ఆ రంగు గుర్తుపట్టింది. యూనిఫారాల నిక్కర్లకి వాడుతున్న దారమే. తుడిచిన చెత్తతో పాటు తనే పెరట్లో పోసి ఉంటుంది.

"నా దారమే" అంది.

"ఎవరిదైతేనేం, బయటికొచ్చింది" అంది డాక్టరు సూది అందుకుంటూ. లోపలి సంచికి ఒక వరస, పైన చర్మానికి ఇంకో వరస కుట్లు వేసింది. ముడి వేసి కత్తిరించాక తలెత్తి, "మీరు కుట్టుపని చేస్తారు కదా, ఎలా ఉంది?" అని అడిగింది.

"పైన కొంచెం వంకర పోయింది" అంది మిషనమ్మ కళ్ళు తుడుచుకుంటూ. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. మిగతా కోళ్ళు కుట్లు పొడవకుండా దొరసానిని ముందుగదిలో బుట్టలో పెట్టారు. పొద్దున, సాయంత్రం మందు చుక్కలు నోట్లో పొయ్యాలి. గాయం తుడవాలి. మెత్తటి తిండి కొంచెం కొంచెంగా పెట్టాలి. మిషనమ్మ మందు పోసింది, గాయం తుడిచింది. తిండి దగ్గరికొచ్చేసరికి కోడి ముఖం తిప్పేసుకుంది. ఉడికించిన గుడ్డు సొన నలిపి పెట్టినా, నానబెట్టిన రొట్టె పెట్టినా అంతే. ఆమె చెయ్యి కనబడితే చాలు, బుట్ట గోడకి అంటుకుపోయి వణికేది.

మిషనమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ప్రాణం ఉసూరుమంది. ఆ చెయ్యంటే దానికి నూనె, పిసుకుడు, వెల్లకిలా పడుకోబెట్టడం, మంట. ఇన్నాళ్ళూ బతికించడానికి పడ్డ పాట్లన్నీ కోడి లెక్కలో చిత్రహింసలు. తన చేత్తో పెట్టినంతకాలం అది తినదు. తినకపోతే చస్తుంది.

ఆమె కాసేపు నేలమీదే చతికిలబడింది. తర్వాత లేచి, బుట్ట తీసుకుని, పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, మీ సాయం కావాలి."

అత్తగారు చెవులని నమ్మలేనట్టు చూసింది. "నా సాయమా?"

"నన్ను చూస్తే బెదిరిపోతోంది. మీ చేత్తో పెట్టి చూడండి."

"ఏంటిది? గుడ్డా? కోడికి గుడ్డు పెట్టడమేంటే, నీ బుద్ధి మండా!"

"డాక్టరే చెప్పింది. మన కోళ్ళు పెట్టిన గుడ్డే, కోడికే పోతోంది. మనకేం నష్టం?"

అత్తగారు గొణుక్కుంటూనే బుట్టని ఒళ్ళోకి తీసుకుంది. తొందరపడలేదు. అరచేతిలో సొన పెట్టుకుని, కోడి వంక చూడకుండా, దానితో కాకుండా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఏదో చెబుతూ కూర్చుంది. తన మోకాళ్ళ నొప్పి గురించి, కొడుకు చిన్నప్పుడు అన్నం తినకుండా పెట్టిన బాధల గురించి. మిషనమ్మ తలుపు వెనక నిలబడింది. చాలాసేపటికి దొరసాని మెడ చాచింది. ఒక్క ముక్క పొడిచింది. ఆగింది. ఇంకో ముక్క పొడిచింది.

"తింటోందే!" అని అరవబోయి, కోడి ఎక్కడ బెదిరిపోతుందోనని అత్తగారు గుసగుసలోకి దిగిపోయింది. "అమ్మాయ్, తింటోంది!"

ఆ రోజునుంచి పని పంచుకున్నారు. మందు, గాయం, బుట్ట కడగడం కోడలిది. తిండి, నీళ్ళు, కబుర్లు అత్తగారివి. "కఠినమైనవన్నీ నువ్వు చేసి మంచిపేరు నాకిచ్చావు" అని ఒకరోజు అత్తగారు నొచ్చుకుంది.

"పేరుదేముందండీ. మందు మానేస్తే చీము పడుతుంది. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి" అంది మిషనమ్మ, విలవిల్లాడుతున్న కోడిని చంకలో బిగించి నోట్లో చుక్కలు వేస్తూ. చేతి నిండా గోళ్ళ గీతలే. ఒక్క పూట కూడా తప్పించలేదు.

మధ్యాహ్నాలు అత్తగారు కుర్చీని ముందుగదిలోకి, మిషను పక్కకి వేయించుకుంది. కోడి ఒళ్ళో ఉండగానే చేతులు ఊరుకోక బొత్తాలు కుట్టడం మొదలుపెట్టింది. కోడలు "మీరు కూర్చోండి" అనలేదు. బొత్తాల డబ్బా దగ్గరికి జరిపింది. తెగిన దారాలన్నీ ఇప్పుడు మూత ఉన్న డబ్బాలో పడుతున్నాయి.

కుట్లు మానాయి. మెడ కింద ఈకలు ముళ్ళలా మొలుచుకొచ్చాయి. బుట్టలోంచి దూకి మిషను తొక్కుడుపలక మీద రెట్ట వేసిన రోజున మిషనమ్మ, "ఇంక దీన్ని పెరట్లోకి వదలాలి" అంది.

వదిలారు. ఇన్నాళ్ళూ దొరసాని లేకపోయేసరికి ఎర్రపెట్ట పెత్తనం చలాయిస్తోంది. చూడగానే ఈకలు విప్పుకుని మీదికి ఉరికి, నెత్తిమీద ఒక్క పోటు పొడిచింది. దొరసాని తూలి పక్కకి పడింది.

"విడదీయవే! చంపేస్తుంది!" అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది.

మిషనమ్మ చీపురు పట్టుకుని సిద్ధంగానే ఉంది. కానీ అడుగు వెయ్యలేదు. "ఉండండి అత్తయ్యా. ఇవాళ మనం అడ్డం వెళ్తే రోజూ వెళ్ళాలి. రక్తం వస్తే అప్పుడు చూద్దాం."

ఎర్రది రెండోసారి వచ్చింది. దొరసాని ఒంట్లో ఇంకా పూర్తి బలం లేదు. అయినా కాళ్ళు నిలదొక్కుకుని, మెడ నిక్కించి, సరిగ్గా దాని ముఖం మీదికి ఎగిరింది. నాలుగు ఈకలు గాలిలోకి లేచాయి. ఎర్రది వెనక్కి తగ్గి, ఏమీ జరగనట్టు నేల గీరడం మొదలుపెట్టింది.

"అద్దీ!" అని చప్పట్లు కొట్టింది అత్తగారు.

మిషనమ్మ చీపురు గోడకి ఆనించి, కుట్లు విడిపోలేదు కదా అని చూడడానికి దగ్గరికి వెళ్ళింది. ఆమెని చూడగానే దొరసాని గావుకేక పెట్టి, పెరడు ఆ చివరికి పరిగెత్తి, అత్తగారి చీరకుచ్చిళ్ళ వెనక దూరింది.

"చూశావా విశ్వాసం! బతికించింది నువ్వు, చేరింది నా దగ్గరికి" అంది అత్తగారు, కొంచెం గర్వంగా, కొంచెం సిగ్గుగా.

"చూశాను. ఎంత గట్టిగా పరిగెత్తిందో కూడా చూశాను" అంది మిషనమ్మ. అత్తగారు కోడిని పట్టి ఎత్తితే, దూరంనుంచే మెడ కింద కుట్ల జాగా చూసి తృప్తిగా తలాడించింది. ఆ తర్వాత చేతులు కడుక్కుని, మిగిలిన చొక్కాలకి అంచులు కుట్టడానికి లోపలికి వెళ్ళింది.