నత్తి పోయిన రంపం

పొద్దున్న తొమ్మిదయ్యేసరికి ఆ ఇంట్లో ముగ్గురూ పనిలోకి దిగేవారు. కోడలు రంపం ముందు నిలబడేది. అత్తగారు కిటికీ పక్కన పీట వేసుకుని, ఉప్పుకాగితంతో బొమ్మల అంచులు నున్నగా రుద్దేది. మేస్త్రి కుర్చీలో కూర్చుని మేస్త్రిగా ఉండేవాడు. అదేమీ చిన్న పని కాదు. ఫోనెత్తాలి, వచ్చినవాళ్లతో మాట్లాడాలి, కాలు మీద కాలు వేసుకోవాలి, వేసుకున్న కాలు తిమ్మిరెక్కితే రెండోది వేసుకోవాలి.

వాళ్లు చేసేవి చెక్కబొమ్మలు. ఏనుగో ఒంటో గుర్రమో గీసి, దాన్ని ఎనిమిది ముక్కలుగా కోస్తే, పిల్లలు ఆ ముక్కలు మళ్లీ కలుపుకుంటారు. గీసేది కోడలు. కోసేది కోడలు. బొమ్మ అడుగున మేస్త్రి పేరు ముద్ర కొట్టేది కూడా కోడలే, ఎందుకంటే ఆ సిరా వేళ్లకంటుకుంటే ఓ పట్టాన వదలదని మేస్త్రికి విసుగు.

రంపం మామగారు బతికుండగా కొన్నది. బల్ల మీద పెట్టుకునే చిన్న బ్యాండ్‌సా. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటినీ చుట్టి తిరిగే సన్నటి పళ్ల బ్లేడు. బ్లేడు జారకుండా చక్రాలకి రబ్బరు టైర్లు. పాతదే అయినా దాని పనికి వంక పెట్టడానికి లేదు. ఒక్కటే ఇబ్బంది. అది తిరుగుతుండగా గదిలో ఎవరైనా అబద్ధమాడితే బ్లేడు గీత తప్పేది.

వీధిలో అందరికీ తెలిసిన సంగతే. రంపం చప్పుడు వినబడితే ఆ గుమ్మం దాటేదాకా మగవాళ్లు వాతావరణం గురించే మాట్లాడుకునేవారు. ఎదురింటి టైలరమ్మ అయితే, ఆఫీసులో ఆలస్యమైందని మొగుడు చెప్పినప్పుడల్లా అతణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చేది.

"ఒక్క నిమిషం రంపం ఆడించమ్మాయ్. మా ఆయన నాకేదో చెప్తాడట."

కోడలు ఓ పనికిరాని చెక్క తీసి పెట్టేలోపే ఆయన నిజం చెప్పేసేవాడు. చెక్క మిగిలేది.

ఇంట్లో మాత్రం మిగిలేది కాదు. "సరుకు బండెక్కించేశానండీ" అనేవాడు మేస్త్రి ఫోనులో. అవతలివాళ్లు "అమ్మయ్య" అనుకునేవారు. ఇవతల ఏనుగు తొండం తెగిపడేది. "అంతా నా చేత్తో చేసిందేనండీ, అమ్మతోడు" అనేవాడు. ఒంటె మూపురం పోయేది. "నా తోడెందుకురా మధ్యలో?" అనేది అత్తగారు. పాడైన ముక్కలన్నీ బల్ల కింద ఒక బుట్టలో చేరేవి. ఆ బుట్టకి ఆవిడే పేరు పెట్టింది, మావాడి మాటల బుట్ట అని. పెరట్లో స్నానాల నీళ్లన్నీ వాటితోనే కాగేవి. నీళ్లకి కరువు రావచ్చు గానీ ఆ ఇంట్లో కట్టెలకి రాలేదు.

ఇలా ఉండగా, చేతిపనుల శిక్షణ కేంద్రంలో చెక్కపని నేర్పే టీచరు కావాలని పేపర్లో పడింది. కోడలు ఆ ముక్క కత్తిరించి దాచుకుంది. దరఖాస్తు తెచ్చుకుని, పేరు దగ్గర తన పేరు పెన్సిల్‌తో రాసుకుంది. పెన్నుతో రాసే ధైర్యం రెండ్రోజుల్లో వస్తుందనుకుంది. రెండోరోజుకల్లా మేస్త్రి ఆ కాగితం చూసి, రబ్బరుతో చెరిపి, తన పేరు పెన్నుతో రాశాడు.

"మనిద్దరిలో ఎవరి పేరైతే ఏంటే?" అన్నాడు. "నీకు పని వచ్చు, నాకు మాటలొచ్చు. టీచరంటే మాటలేగా."

"మరి నేను?"

"నువ్వు ఇక్కడ చేసి పంపు. నేను అక్కడ చూపిస్తా. ఒకళ్లకి ఇల్లు, ఒకళ్లకి వీధి. ఎంత కుదిరిందో చూడు."

రంపం తిరగడం లేదు కాబట్టి ఏదీ తెగలేదు.

వారం తిరక్కుండానే కేంద్రం నుంచి జవాబొచ్చింది. పంపిన బొమ్మలు నచ్చాయనీ, గురువారం అధికారి వచ్చి పని కళ్లారా చూస్తారనీ. మేస్త్రి ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి రంపం వైపు చూశాడు. మొహం మాడిపోయింది. అప్పటికప్పుడు చెప్పులు వేసుకుని సామాన్ల కొట్టుకి వెళ్లి, నారింజ రంగు రబ్బరు టైర్లు రెండు పట్టుకొచ్చాడు.

"దీని రోగం దొరికిందే! గీత తప్పుతోందంటే టైర్లు అరిగాయని అర్థమట. కొట్టువాడు చెప్పాడు. కొత్తవి వేస్తే ఇంక బాణమే. ఎవరేమన్నా పట్టించుకోదు."

"ఎవరేమన్నానా?" అంది అత్తగారు.

"మాట వరసకన్నానమ్మా."

కోడలు మూత తెరిచి చూసింది. కొట్టువాడు చెప్పింది అబద్ధం కాదు. టైర్లు ఎండిన మడిలా పగిలాయి, గోరు పెడితే పొడిపొడిగా రాలుతున్నాయి. కొన్ని నెలలుగా బ్లేడు వణుకుతూనే ఉంది. ఆమెకి తెలుసు. తెలిసీ ఊరుకుంది. ఆ బొమ్మలు ఎవరివో సాక్ష్యం చెప్పగలిగింది ఆ మిషనొక్కటే. అత్తగారు చెప్పొచ్చు. కానీ కన్నకొడుకు మీద చెప్తే కోడలు ఏదో మందు పెట్టిందంటారు తప్ప ఎవరూ నమ్మరు. టైర్లు మార్చాక రంపం నిజంగానే నోరు మూసుకుంటే, గురువారం నుంచి ఆమె చేసిందంతా మేస్త్రిది.

అయినా జబ్బుపడ్డ మిషన్‌ని అలా వదిలెయ్యడం ఆమె చేతులకి తెలీదు. స్క్రూడ్రైవర్ తీసింది.

మేస్త్రి కుర్చీ దగ్గరికి లాక్కుని, టైర్లతో పాటు వచ్చిన కాగితం విప్పాడు.

"ముందు ప్లగ్గు తియ్యమంటున్నారు."

"తీశాను."

"బ్లేడు వదులు చేసి దించమంటున్నారు."

"దించాను."

"జాగ్రత్తగా చెయ్యమంటున్నారు."

"ఎవరు?"

"కాగితం వాళ్లు."

"వాళ్లలో ఒకణ్ణి వచ్చి ఈ చక్రం పట్టుకోమను" అంది అత్తగారు. మేస్త్రికి సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది.

పాత రబ్బరు ఊడొచ్చింది గానీ దాని కింది జిగురు మొండికేసింది. కోడలు కిరోసిన్ గుడ్డతో తడిపి, మొద్దు ఉలితో గీకి, చక్రం మెరిసేదాకా తుడిచింది. కొత్త టైరు చక్రం కన్నా కాస్త చిన్నదిగా ఉంటుంది. బిగువుగా కూర్చోవాలంటే అలాగే ఉండాలి. వేడినీళ్లలో నానబెడితే మెత్తబడి సాగుతుంది. అత్తగారు మాటల బుట్ట సగం పొయ్యిలో పెట్టి నీళ్లు కాచింది.

"మంచి వేడొచ్చిందే" అంది. "పోయినేడాది పంపని ఆర్డర్లు కాబోలు."

మొదటిసారి టైరు ఒకవైపు ఎక్కిస్తుంటే రెండోవైపు జారి, చేతుల్లోంచి ఎగిరి, సరాసరి వెళ్లి మేస్త్రి టీగ్లాసుని పడగొట్టింది.

"కొంచెం చూసుకోవాలి కదే!"

"మీరు కొంచెం పట్టుకోవాలి కదండీ."

"నేను పట్టుకుంటే చదివేదెవరు?"

అత్తగారు పీట దగ్గరికి జరుపుకుని, చీర దోపుకుని, చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టింది. కోడలు టైరు ఒక అంచుని క్లాంపుతో చక్రానికి బిగించి, అక్కణ్ణుంచి రెండు బొటనవేళ్లతో ఇటూ అటూ సాగదీసుకుంటూ వచ్చింది. ఆఖరి జానెడు దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. టైరు చక్రంలో చప్పున కూర్చుంది.

"నిన్ను కన్నప్పుడు కూడా ఇంత కష్టం లేదురా" అంది అత్తగారు కొడుకుతో.

రెండో చక్రం తొందరగానే లొంగింది. కోడలు బ్లేడు ఎక్కించి, బిగువు సరిచూసి, పైచక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, బ్లేడు టైరుకి సరిగ్గా నడిమధ్యకి వచ్చేదాకా వెనక మర సవరించింది. అప్పుడు ప్లగ్గు పెట్టింది. వణుకు లేదు. గరగర లేదు. గీసిన గీత మీద బ్లేడు నడిచి వెళ్లింది.

"ఆగు, పరీక్ష చేద్దాం" అన్నాడు మేస్త్రి. గొంతు సవరించుకుని భార్య వైపు తిరిగాడు. "ఈ ఉద్యోగం రానీ, నిన్ను కాలు కింద పెట్టనిస్తానా? నువ్వు మహారాణివే."

బ్లేడు కదల్లేదు.

"ఈ ఇంట్లో పనంతా నా నెత్తి మీదే నడుస్తోంది!"

బ్లేడు గీత మీదే ఉంది. మేస్త్రి చప్పట్లు కొట్టి, ఈ శుభవార్త చెప్పడానికి కొట్టువాడి దగ్గరికి పరిగెత్తాడు.

కోడలు రంపం ఆపి, దాని మీద చెయ్యేసి నిలబడింది. తన సాక్షి గొంతుని తన చేత్తోనే పిసికింది. కళ్లలో నీళ్లు తిరిగితే, పొట్టు పడిందన్నట్టు కొంగుతో ఒత్తుకుంది.

"అమ్మాయ్" అంది అత్తగారు, చేతిలో ఒంటెని రుద్దుతూనే. "వాడిప్పుడు చెప్పింది నువ్వు నమ్మావా?"

"లేదత్తయ్యా."

"నేనూ నమ్మలేదు" అంది ఆవిడ.

గురువారం అధికారి వచ్చింది. యాభై దాటిన మనిషి, లావుపాటి కళ్లద్దాలు, చంకలో గొడుగు, చేతిలో దరఖాస్తుల ఫైలు. మేస్త్రి కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. ఆ కుర్చీ ఇంకొకళ్లకి ఇవ్వడం అదే మొదలు.

"ఒక బొమ్మ చేసి చూపిస్తారా?" అందామె.

"మా ఆవిడ కోస్తుంది మేడమ్, నేను వివరిస్తాను. చెయ్యి తనది, బుర్ర నాది."

కోడలు గుర్రాన్ని గీసిన చెక్క బల్ల మీద పెట్టి, రంపం ఆడించింది. బ్లేడు గుర్రం చెవి దగ్గర చెక్కలోకి దిగింది.

"ఈ బొమ్మలన్నీ గీసింది?"

"నేనే మేడమ్."

అధికారి తలూపింది. పాపం, నమ్మింది. ఆ గదిలో మేస్త్రిని ఎదురుగా కూర్చుని నమ్మినవాళ్లు వచ్చి ఎన్నేళ్లయిందో.

బ్లేడు గీత తప్పింది. అయితే ఎప్పటిలా అదురుతూ, అడ్డదిడ్డంగా కాదు. నీళ్లలో చేప మళ్లినట్టు నెమ్మదిగా మళ్లింది. కోడలు చేతులు చెక్క ఎటు వెళ్తే అటు వెళ్లాయి.

"కొయ్యడం కూడా మీరే నేర్పారా?"

"ఏబీసీడీల దగ్గర్నుంచీ మేడమ్. మొదట్లో రంపం చూస్తేనే ఏడ్చేది."

అధికారి ఫైల్లో ఏదో రాసుకుంది. బ్లేడు చిన్న వంపు తిరిగి, కిందికి దిగి, మళ్లీ పైకొచ్చింది.

"రోజుకెన్ని గంటలు పని చేస్తారు?"

"లేచింది మొదలు. నడుం వాల్చేది పడుకున్నప్పుడే."

బ్లేడు గుండ్రంగా చుట్టు తిరిగి చెక్కలోంచి బయటికొచ్చింది. కోడలు రంపం ఆపకుండానే ముక్క తీసి చూసింది. గుర్రం కాదు. ఒక మగమనిషి. కుర్చీలో కూర్చున్నాడు. కాలు మీద కాలు. చెవి దగ్గర ఫోను. నోరు బార్లా తెరుచుకుని ఉంది. మీసం కొసతో సహా ఎక్కడా ఒక్క వెంట్రుక వాసి తేడా లేదు. ఇన్నేళ్లూ ఆ రంపం చెప్పాలని చూసింది ఇదే. అరిగిన టైర్లతో మాట సాగక, తొండం దగ్గరా మూపురం దగ్గరా ఆగిపోతూ నత్తిగా చెప్పుకొచ్చింది, అంతే.

అధికారి బొమ్మని అందుకుని అటూ ఇటూ తిప్పింది. మేస్త్రిని చూసింది. తను కూర్చున్న కుర్చీని చూసుకుంది.

కోసిన అంచు వేలితో తడిమి, "టైర్లు కొత్తవా?" అంది.

"అవునండీ."

"ఎవరు వేశారు?"

"నేనే మేడమ్" అన్నాడు మేస్త్రి, అలవాటు కొద్దీ.

రంపం తిరుగుతూనే ఉంది. కోడలు పెట్టిన మరో గుర్రం చెక్కలో బ్లేడు ఈసారి ఇసుమంత కూడా పక్కకి పోలేదు. నమ్మేవాళ్లు గదిలో ఒక్కళ్లూ మిగల్లేదు.

అధికారి కోడలి వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా."

"నేనూ అత్తయ్యా వేశామండీ. గీసేదీ కోసేదీ నేనే. అంచులు అత్తయ్యవి. ముద్ర ఒక్కటే ఆయనది. అది కొట్టేదీ నేనే."

గుర్రం చెవులతో, జూలుతో, నాలుగు కాళ్లతో నిక్షేపంగా బయటికొచ్చింది. అధికారి ఫైలు విప్పి, పెన్ను మూత తీసి, పేరు దగ్గర ఒక అడ్డగీత గీసింది.

"మీ పేరు?"

కోడలు చెప్పింది. ఉప్పుకాగితం ఆపి మరీ విన్నది అత్తగారు.

ఇప్పుడు కోడలు వారానికి ఐదురోజులు కేంద్రానికి వెళ్తుంది. ముద్ర మారింది. మేస్త్రి అమ్మ పక్కన పీట వేసుకుని అంచులు రుద్దుతున్నాడు. ఫోనొస్తే "ఇంకా కాలేదండీ, రుద్దుతున్నాను" అంటాడు. మాటల బుట్ట ఖాళీ అయ్యింది. స్నానాలకి కట్టెలు కొనుక్కోవాల్సి వస్తోందని అత్తగారి ఫిర్యాదు.

కుర్చీమనిషి బొమ్మ కిటికీలో ఉంది. మొన్న శనివారం కోడలు రంపం మీద ఉండగా టైలరమ్మ కూతురు దాన్ని చూసి నవ్వాపుకోలేకపోయింది.

"అచ్చు గుద్దినట్టుంది అక్కా! ఎవరు చేశారు?"

"మా ఆయనే" అంది కోడలు.

బ్లేడు వెంట్రుకంతైనా గీత తప్పలేదు.