లీటరుకు డెబ్బై

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఏళ్ళ తరబడి బరువులతోనే సహవాసం కావడంతో ప్రపంచంలో ప్రతిదీ ఆయన కంటికి అనవసరపు బరువుగానే కనిపిస్తుంది. కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచే హైబ్రిడ్ కారు కొన్నాక ఆ జబ్బు ముదిరింది. స్టెప్నీ టైరు తీసి మంచం కింద పెట్టాడు. కాళ్ళ కింది మ్యాట్లు తీశాడు. చివరికి నా గొడుగు కూడా తీశాడు. నలభై లీటర్ల ట్యాంకులో ఎప్పుడూ అడుగున కాస్త తప్ప పోయించడు. "పెట్రోలూ బరువే కదా, దాన్ని మోయడానికి బ్యాటరీ ఖర్చెందుకు?" అంటాడు. రాత్రి ప్లగ్గు పెట్టి, పగలంతా కరెంటుతోనే ఊరు తిరిగొచ్చి, "లీటరుకు డెబ్బై ఇస్తోంది!" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోతుండేది.

ఆ రోజు మేమిద్దరం నూట అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కోర్టుకు వెళ్ళాలి. అక్కడి పిల్లల హోములో ఉంటున్న ఆరేళ్ళ పాపను మాకు దత్తత ఇచ్చే రోజు. ఇద్దరం జడ్జిగారి ముందు నిలబడాలి, లేకపోతే కేసు సెలవుల తర్వాతకు వాయిదా పడుతుంది. అదొక్కటే అయితే ఓర్చుకునేదాన్ని. అంతకుముందు ఒక జంట ఆ పాపకు మాటిచ్చి, తీరా ఆ రోజుకు రాలేదు. పాప సాయంత్రం దాకా చెప్పులేసుకుని గుమ్మంలోనే కూర్చుందట. హోము మేడమ్ ఆ సంగతి చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఊరు దాటుతుంటే పెట్రోలు బంకు కనిపించింది.

"ఏమండీ, కాస్త పోయించండి."

"ఐదు లీటర్లున్నాయిగా. ఐదు డెబ్బైలు మూడొందల యాభై. కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు."

"మరి బండిలో అంత చూపించడం లేదేం?"

"అది పిరికి లెక్క. నాది అనుభవం మీద వేసిన లెక్క."

ఇంకో బంకు వచ్చింది, పోయింది. నేను సంచీ జిప్పు తీసి కాగితాలు చూడటం, మూయడం, మళ్ళీ తీయడం. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. అరవై కిలోమీటర్లు దాటేసరికి బ్యాటరీ అయిపోయి ఇంజను మొదలైంది. నెలల తర్వాత ఆ చప్పుడు వినడం. అక్కణ్ణుంచి పెట్రోలు ముల్లు మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఇంకా సగం దారి ఉందనగా ఎర్ర దీపం వెలిగింది.

"సెన్సారు పోయినట్టుంది," అన్నాడు. కానీ గొంతులో పస లేదు.

"అసలు ఆ డెబ్బై ఎలా వచ్చింది?"

"మొత్తం తిరిగిన కిలోమీటర్లను, పోయించిన పెట్రోలుతో భాగిస్తే."

"అందులో కరెంటుతో తిరిగినవి?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కరెంటుతో తిరిగి పెట్రోలుకు పేరు పెట్టారా!" అరికాలి మంట నెత్తికెక్కింది. "ఉత్త పెట్రోలు మీద ఎంతిస్తుంది?"

"పద్దెనిమిది ఇస్తే గొప్ప," అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత ఒక్క బంకూ లేదు. ఏసీ కట్టేసి, ఒక లారీ వెనక చేరి, నత్తనడకన పోయాం. ఇంకా ఇరవై కిలోమీటర్లుందనగా బండి గురక పెట్టినట్టు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. నాకు కనిపించింది రోడ్డు కాదు, గుమ్మంలో చెప్పులేసుకుని కూర్చున్న పిల్ల.

రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులూపాను. ఒక పరుపుల వ్యాను ఆగింది.

"ముందు చోటు లేదమ్మా, మా అక్కా పిల్లలూ ఉన్నారు. వెనక పరుపుల మీద వస్తామంటే ఎక్కండి," అన్నాడు డ్రైవరు.

కారుకు ఎండ తగిలితే అల్లాడిపోయే మనిషి దాన్ని అక్కడే వదిలేసి, వెనక్కి కూడా చూడకుండా ఎక్కాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకు, మొగుడితో ఒక్క మాటైనా మాట్లాడకుండా కొత్త పరుపుల మీద ఊరేగాను.

కోర్టు మెట్ల మీద మా వకీలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "రెండుసార్లు పిలిచారు! ఎలాగో బతిమాలి ఆపాను," అంటూ మమ్మల్ని లోపలికి తోసినంత పని చేశాడు.

"ఇలాంటి రోజు కూడా ఆలస్యమేనా?" అన్నారు జడ్జిగారు.

ట్రాఫిక్ అంటాడేమో అనుకున్నాను. అనలేదు.

"పెట్రోలు పోయించలేదండీ. మా ఆవిడ చెప్పింది, నేనే వినలేదు."

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "పిల్ల చెబితేనన్నా వింటారా?"

"వింటానండీ."

జడ్జిగారు సంతకం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

దారిలో డబ్బా నిండా పెట్రోలు కొని, టాక్సీలో హోముకు వెళ్ళాం. పాప గుమ్మంలోనే ఉంది, చెప్పులేసుకుని. మమ్మల్ని చూసి నవ్వలేదు. ముందు టాక్సీని చూసింది, తర్వాత మమ్మల్ని లెక్కపెట్టినట్టు చూసింది, ఇద్దరమూ వచ్చామో లేదో అని. పక్కన చిన్న బట్టల సంచీ, దానికి రెండింతలున్న గోనెసంచీ.

"అవి ఉత్త రాళ్ళండీ," అన్నారు మేడమ్. "పెరట్లో ఏరుకుంది. వదిలెయ్యమ్మా, అంత బరువు ఎక్కడ మోస్తారు?"

పాప గోనెసంచీ మూతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "బరువని పారేస్తారా?" అని అడిగింది, సూటిగా ఆయన్నే.

నా ప్రాణాలు నా దగ్గర లేవు. నా గొడుగు కూడా ఓర్చుకోలేని మనిషి.

ఆయన గొంతుక్కూర్చుని సంచీలో చెయ్యి పెట్టాడు. ఒక రాయి తీసి, అరచేతిలో తూచినట్టు కాస్త ఊపి, మళ్ళీ లోపల పెట్టాడు. తర్వాత సంచీని భుజానికెత్తుకుని లేచాడు.

"ఇవేనా, ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

పాప ఆయన మొహంలోకి ఒక క్షణం చూసింది. "ఉన్నాయి!" అని పెరట్లోకి పరుగెత్తింది.