అత్తగారి జుట్టులో కాపురాలు

రోజూ పొద్దున అత్తగారికి జడ వేయడం కోడలి పని. వెడల్పు పళ్ళ దువ్వెనతో, కుదుళ్ళు తగలకుండా, మెల్లగా దువ్వాలి. ఆ జుట్టులో తేనెటీగలూ తుమ్మెదలూ కాపురముంటున్నాయి మరి. కిందటేడు కోడలు తోట గట్టు మీది పిచ్చిమొక్కలన్నీ పీకేసి, మందు కొట్టి, అక్కడ కూడా ఒక వరస గుమ్మడి పాదులు పెట్టింది. ఇల్లు పోయిన జీవాలు ఎక్కడికి పోతాయి? ఒక్కొక్కటే వచ్చి అత్తగారి తలలో చేరాయి, మళ్ళీ తోట వైపు పోలేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆవిడ దిండు మాత్రం మెత్తటిది మార్చారు.

కోడలి దిగులు వేరు. ఈసారి పూలు విరగబూశాయి గానీ పిందె నిలవడం లేదు. పొద్దు పొడవగానే వెళ్ళి, మగపువ్వు కోసి, రేకలు తీసేసి, ఆడపువ్వులకు పుప్పొడి అంటించి వస్తోంది. నడుము విరుగుతోంది తప్ప పదోవంతు పూలకైనా చెయ్యి అందడం లేదు. కాపు లేకపోతే తోట వేరేవాళ్ళకిస్తానని కౌలుకిచ్చినాయన చెప్పేశాడు. అప్పుడిక మళ్ళీ డబ్బాల ఫ్యాక్టరీయే గతి. అక్కడ కిటికీలుండవు. తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

"కదలకండి అత్తయ్యా, పిన్ను వాటికి గుచ్చుకుంటుంది."

"నా తల మీదున్న జాలి ఆ గట్టు మీద లేకపోయిందే నీకు! కొసరుకు పోయి అసలుకే ఎసరు తెచ్చుకున్నావు."

"తప్పయింది. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"నాతో కాదమ్మాయ్, వాటితో చెప్పు. గట్టు వదిలేస్తానను, మందు కొట్టనను."

కోడలు వంగి, అత్తగారి పాపిట దగ్గర ఆ మాటే చెప్పింది. తర్వాత గట్టు మీద ఈ ఏడు కూడా పెట్టిన పాదుల్ని, పూలతో సహా, తన చేత్తోనే పీకింది. ప్రాణం ఉసూరుమంది. వారం తిరక్కుండానే పిచ్చిమొక్కలు పిలవకుండానే వచ్చేశాయి.

అప్పుడు అత్తగారు గట్టు మీద స్టూలు వేసుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఆవిడ తలలోంచి జీవాలు లేస్తూనే ఉన్నాయి.

కౌలుకిచ్చినాయన వచ్చేసరికి ఆకుల కింద ఎక్కడ చూసినా కాయలే. ఒకదాన్ని వేలితో కొట్టి చూసి, "వచ్చే ఏడు కూడా నువ్వే చెయ్యమ్మా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు జడ వేస్తుంటే చెవి వెనక ఒక నల్ల తుమ్మెద కనిపించింది.

"ఇదింకా పోలేదేం అత్తయ్యా?"

"దానికి నీ మీద ఇంకా నమ్మకం కుదరలేదు."

కోడలు దువ్వెన పక్కన పెట్టి, వేళ్ళతోనే చిక్కు తీసింది.