మూడో ప్రశ్నకు జవాబు

విహారయాత్ర ఓడ ఎక్కడానికి నాలుగు నెలల ముందే డెనీస్ ఒక నోటుపుస్తకం కొని రోజుకో పేజీ కేటాయించింది. ఏడేళ్ళ కొడుకు బ్రైస్‌ను తలుపుకు ఆనించి నిలబెట్టి, నీళ్ళ జారుడుబల్లకు సరిపడా పొడవున్నాడో లేదో కొలిచింది. నాలుగేళ్ళ కూతురు టెస్సా మధ్యాహ్నం నిద్రపోకపోతే సాయంత్రం ఎంత పేచీ పెడుతుందో తెలుసు కనుక, మంచు మీద ఆటల ప్రదర్శనకు టిక్కెట్లు పిల్ల నిద్రలేచాక ఉండే రెండో ఆటకే తీసుకుంది. సముద్రంలో ఉండే రోజుల్లో పిల్లల క్లబ్బు, మూడోనాడు దీవిలో ఇసుక తీరం, నాలుగోనాడు సముద్రపు దొంగల వేషాలతో ఊరేగింపు. ఈ ప్రయాణం కోసం ఆమె తమ ఊరు టొలీడోలో రెండేళ్ళుగా ఆస్పత్రి బిల్లింగ్ ఆఫీసులో శనివారాలు కూడా పనిచేసింది. ఆ శనివారాలన్నీ పిల్లలకు బాకీ పడ్డట్టే ఉండేది ఆమెకు.

రెండు రోజులు కారు నడుపుకుంటూ ఫ్లోరిడా చేరి, రేవు దగ్గర మోటెల్లో దిగారు. ఓడ ఎక్కాల్సిన ఉదయం టెస్సా రెండుసార్లు వాంతి చేసుకుంది. భర్త గ్లెన్ ఆ సమయంలో కిందికి వెళ్ళి కారులో సామాను సర్దుతున్నాడు. డెనీస్ బాత్రూము కడిగి, పిల్లకు గౌను మార్చి, నారింజ రసం పడలేదని తనకు తానే చెప్పుకుంది. రేవులో వరుసలో నిలబడి ఫోనులో ఆరోగ్య పత్రం నింపేటప్పుడు మూడో ప్రశ్న ఎదురైంది. గడిచిన రెండు రోజుల్లో మీలో ఎవరికైనా వాంతులు గానీ విరేచనాలు గానీ అయ్యాయా? అవునంటే ఓడ ఎక్కనివ్వకుండా ఆపేస్తారు. బ్రైస్ అప్పటికే ఓడ అంతస్తులు లెక్కపెడుతున్నాడు. ఆమె 'లేదు' అని నొక్కింది.

సాయంత్రానికి టెస్సా మంచం మీద గెంతులు వేస్తోంది. చూశావా, ఏమీ లేదు అనుకుంది డెనీస్.

మర్నాడు పిల్లల క్లబ్బులో టెస్సాకు డెక్స్‌టర్ అనే పిల్లవాడు జతయ్యాడు. వాడిదీ నాలుగేళ్ళే. మెంఫిస్ నుంచి నాయనమ్మ వెర్నెల్‌తో వచ్చాడు. వెర్నెల్ ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయింది. ఆమెకు ఓడలో ఏ మూల ఏముందో, దేనికి ముందుగా పేరు ఇవ్వాలో తెలియదు. డెనీస్ ఉత్సాహంగా తన నోటుపుస్తకం తెరిచి, వాళ్ళ రోజులు కూడా తానే నింపింది. దీవిలో గొడుగు కింద రెండు కుటుంబాలకూ కలిపి ఆరు కుర్చీలు రాయించింది. డెక్స్‌టర్ ఇంతవరకూ సముద్రంలో కాలు పెట్టలేదట. వాడు అడిగేదల్లా అదొక్కటే. ఆ సాయంత్రం పిల్లలిద్దరూ ఒకే కాగితం బూరను మార్చి మార్చి ఊదుతుంటే డెనీస్ ముచ్చటపడి ఫోటో కూడా తీసింది.

మూడోనాడు ఉదయం డెక్స్‌టర్ కనబడలేదు. వాడికి రాత్రంతా వాంతులని, రెండు రోజులు క్యాబిన్ దాటి రాకూడదన్నారని క్లబ్బు అమ్మాయి చెప్పింది.

డెనీస్ కాఫీ కప్పు కింద పెట్టేసింది. గ్లెన్‌ను పక్కకు పిలిచి మోటెల్ సంగతి మొదటిసారి చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆపేసేవాడివి."

"ఆపేసేవాణ్ణే," అన్నాడు గ్లెన్. తరువాత గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. ఐదువేల మంది ఉన్నారు ఈ ఓడలో. ఎవరి దగ్గర అంటుకుందో ఎవరికి తెలుసు? పిల్లల్ని తీసుకుని దిగుదాం పద."

దిగారు. గొడుగు కింద ఆరు కుర్చీల్లో రెండు ఖాళీగా ఉన్నాయి. తువాళ్ళు పంచే మనిషి వచ్చి, మిగతావాళ్ళు వస్తారా, వేరేవాళ్ళకు ఇచ్చేయమంటారా అని అడిగాడు. గ్లెన్ ఇచ్చేయమన్నాడు. టెస్సా అలల అంచున కేరింతలు కొడుతూ, అమ్మా చూడు, అమ్మా చూడు అంటోంది. డెనీస్ చూస్తూనే ఉంది గానీ గంటకు మించి కూర్చోలేకపోయింది. పిల్లల్ని గ్లెన్‌కు వదిలి, ఒక్కతే ఓడకు తిరిగివచ్చి, కింది అంతస్తులోని వైద్యశాలకు వెళ్ళి జరిగింది చెప్పింది.

నర్సు అరవలేదు. తేదీ, వేళ, ఎన్నిసార్లు అని అడిగి రాసుకుంది. ఎవరి నుంచి ఎవరికి సోకిందో చెప్పలేమంది. అయితే టెస్సా ఇక క్లబ్బుకు రాకూడదని, చిన్నపిల్లల గదంతా కడిగించాలి కనుక మర్నాడు దాన్ని మూసేస్తామని, ఊరేగింపు ఉండదని చెప్పింది. ఎవరో ఒకరు తనను నాలుగు తిడితే బాగుండునని డెనీస్‌కు అనిపించింది.

అక్కడి నుంచి నేరుగా వెర్నెల్ క్యాబిన్‌కు వెళ్ళి తలుపు తట్టింది. వెర్నెల్ తలుపు జానెడు తెరిచింది. జుట్టుకు గుడ్డ చుట్టుకుని ఉంది, కళ్ళు ఎర్రబడ్డాయి. డెనీస్ నడవాలోనే నిలబడి, మోటెల్ మొదలుకొని ఫోనులో నొక్కిన జవాబు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది.

వెర్నెల్ చివరిదాకా విన్నది.

"ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను, అమ్మాయీ. ఒళ్ళు కాలిపోతున్న పిల్లల్ని నా బస్సెక్కించి, చెయ్యి ఊపి వెళ్ళిపోయే తల్లుల్ని ఎంతమందిని చూశానో. వాళ్ళకి పనులుండేవి, పోకపోతే ఉద్యోగం పోయేది. నీకేముంది?"

"ఏమీ లేదండీ," అంది డెనీస్. "పిల్లలకి మాటిచ్చాను, అంతే."

"నేనూ ఇచ్చాను, వీడికి."

లోపల డెక్స్‌టర్ సన్నగా ఏడవడం వినిపించింది. డెనీస్ క్షమించమని అడగబోయింది. వెర్నెల్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడొద్దు. వాడికి చెంచాతో నీళ్ళు పట్టాలి నేను. ఆ మాటకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు."

తలుపు మూసుకుంది.

మర్నాడు క్లబ్బు తలుపు మీద మూసేశామని కాగితం అంటించారు. ఎవరో బుద్ధిలేని తల్లి జబ్బు పిల్లను తెచ్చిందట అని అల్పాహారం బల్ల దగ్గర ఒకావిడ అంటుంటే, డెనీస్ తల వంచుకుని టెస్సా రొట్టెకు వెన్న రాసింది. బ్రైస్ దొంగల టోపీ పెట్టుకుని క్యాబిన్లో కూర్చుని, ఊరేగింపు ఎందుకు లేదని పదిసార్లు అడిగాడు. పదోసారి ఆమె వాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వాడు టోపీ తీసి పక్కన పెట్టాడు.

ఆఖరిరోజు మధ్యాహ్నం పై డెక్కు మీద వెర్నెల్, డెక్స్‌టర్ కనిపించారు. వాడి ముఖం పీక్కుపోయింది, ఒళ్ళో బిస్కెట్ల పొట్లం ఉంది. ఓడ తిరుగుదారిలో ఉంది. దిగడానికి ఇక తీరమేదీ లేదు. డెనీస్ దూరంగా ఆగిపోయింది గానీ టెస్సా చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. వెర్నెల్ డెనీస్ వైపు ఒకసారి చూసి, పక్క కుర్చీలోని సంచీ తీసి కింద పెట్టింది. డెనీస్ వచ్చి కూర్చుంది.

దీవి ఎలా ఉందని డెక్స్‌టర్ అడిగాడు.

టెస్సా చెప్పడం మొదలుపెట్టింది. ఇసుక కాలిందట, నీళ్ళు ఉప్పగా ఉన్నాయట, అల వచ్చి చెప్పు ఎత్తుకుపోతే నాన్న పరుగెత్తి పట్టుకున్నాడట, పీత ఒకటి పక్కకు పక్కకు నడుస్తూ కన్నంలో దూరిందట. డెక్స్‌టర్ నోరు తెరుచుకుని వింటున్నాడు. ఇక చాలని కూతుర్ని వారించాలనిపించింది డెనీస్‌కు.

"చెప్పనీ," అంది వెర్నెల్, సముద్రం వైపే చూస్తూ. "నువ్వూ విను."

డెనీస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పీత కన్నంలోంచి మళ్ళీ ఎలా బయటికొచ్చిందో మొత్తం విన్నది.